మీకు తెలుసా? పసుపును మోసే బంక

పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రనీళ్ళు. కొత్త పెళ్ళికూతురు గుమ్మంలో అడుగుపెట్టేటప్పుడు దిష్టి తీసి వీధిలో పారబోసేవి ఇవే. పసుపు మరక పడ్డ చీరకి సబ్బు రుద్దితే మరక ఎర్రబడుతుంది. అదే చీరని ఎండలో ఆరేస్తే మరక తనంతట తానే వెలిసిపోతుంది. పుల్లలచెరువులో అయినా మార్కాపురంలో అయినా ఈ సంగతులు తెలియని ఇల్లాలు ఉండదు. పసుపుని మందుగా మలచాలనుకున్న శాస్త్రవేత్తల్ని దశాబ్దాలుగా ముప్పుతిప్పలు పెడుతున్నది సరిగ్గా ఈ గుణాలేనని మీకు తెలుసా?

పసుపుకి ఆ రంగునిచ్చే పదార్థం కర్‌క్యుమిన్. వోగెల్, పెలెటియే అనే ఇద్దరు 1815లో దాన్ని పసుపు కొమ్ముల నుంచి విడదీశారు. సున్నం, సబ్బు రెండూ క్షారాలు. క్షారం తగిలితే కర్‌క్యుమిన్ రంగు మారడంతో ఆగదు, అణువు ముక్కలవడం మొదలవుతుంది. మన రక్తం కూడా కాస్త క్షారం వైపే ఉంటుంది. ఒంటి వేడి దగ్గర, రక్తానికి దగ్గరి క్షారత ఉన్న ద్రావణంలో కర్‌క్యుమిన్ వేసి చూస్తే అరగంటలో నూటికి తొంభై పాళ్ళు చెడిపోయిందని 1997లో తేల్చారు. రక్తంలో ఉండే ప్రొటీన్లు దాన్ని బాగానే కాపాడతాయి లెండి, అయినా మెల్లగా చెడుతూనే ఉంటుంది. ఎండ తగిలినా ఇదే గతి. చీర మీద మరక పోయిందని మనం సంతోషిస్తాం. మందు తయారుచేసేవాడికి అదే ఏడుపు.

*

పసుపు వేసిన కూర రోజూ తింటున్నాం కదా, కర్‌క్యుమిన్ ఒంట్లోకి ఎంత పోతోంది?

చాలా తక్కువ. మామూలు పసుపులో కర్‌క్యుమిన్ నూటికి మూడు పాళ్ళ దాకా ఉంటుంది. చెంచా పొడి మూడు గ్రాములనుకుంటే అందులో కర్‌క్యుమిన్ తొంభై మిల్లీగ్రాములు. అది నీళ్ళలో కరగదు. పేగు గోడని దాటి లోపలికి వెళ్ళేది కొంచెం. వెళ్ళిన ఆ కొంచేన్ని పేగు గోడ, కాలేయం కలిసి మరో రూపంలోకి మార్చేసి బయటికి పంపే ఏర్పాటు చేస్తాయి. పరాయి పదార్థం కనబడితే ఒక చక్కెర ముక్కని తగిలించి సాగనంపడం కాలేయం డ్యూటీ. దానికి మంచిదీ చెడ్డదీ అన్న పట్టింపు లేదు.

బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్ళు 1998లో ప్రచురించిన ఒక పరిశోధన ఈ విషయంలో ఇప్పటికీ అందరూ చెప్పుకునేది. ఆరోగ్యంగా ఉన్న మనుషులకి రెండు గ్రాముల కర్‌క్యుమిన్ ఇచ్చారు. అంత కర్‌క్యుమిన్ పసుపు రూపంలో తినాలంటే ఇరవై పైచిలుకు చెంచాలు మింగాలి. అంత ఇచ్చినా రక్తంలో దొరికింది దాదాపు సున్నా. అదే మోతాదుకి మిరియాల్లో ఉండే పైపెరిన్ ఇరవై మిల్లీగ్రాములు కలిపి ఇస్తే రక్తంలోకి చేరే పాలు ఇరవై రెట్లు పెరిగింది. కాలేయం తగిలించే ఆ చక్కెర ముక్కని పైపెరిన్ కాసేపు తగలనివ్వదు. జలుబు చేసినప్పుడు పాలల్లో పసుపుతో పాటు మిరియాల పొడి కూడా వేసే అవ్వల వాడుకకి ఒక లెక్క దొరికినట్టయింది. ఆ మాట పట్టుకుని "మన పూర్వీకులకి అంతా తెలుసు" అని ఛాతీ విరుచుకోవడం నాకు పెద్దగా నచ్చదు. రుచికి వేశారో, గొంతు మంటకి వేశారో ఎవరికెరుక? కలిసొచ్చింది, అంతే.

*

దాదాపు సున్నాని ఇరవై రెట్లు చేసినా వచ్చేది కొంచెమే. అక్కడినుంచే నానో రేణువుల కథ మొదలవుతుంది.

మీటరుని వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. 2009లో మొహాలీలోని జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ, అందరూ నైపర్ అని పిలిచేది, అక్కడి బృందం కర్‌క్యుమిన్‌ని 264 నానోమీటర్ల గుండ్రటి రేణువుల్లో బంధించింది. వెంట్రుకకి అడ్డంగా పేర్చితే మూడు వందలు పడతాయి. ఆ బృందాన్ని నడిపించినాయన మాజేటి నాగవెంకట రవికుమార్. ఇంటిపేరు చూస్తేనే మనవాడని తెలిసిపోతుంది. ఆ తరవాత స్కాట్లండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్, అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం, అలబామా విశ్వవిద్యాలయాల్లో ఇదే బాటలో పనిచేస్తూ వచ్చారు.

ఆ రేణువు తయారీ చెప్పుకుంటే వింతేమీ ఉండదు. కర్‌క్యుమిన్‌నీ, పీఎల్‌జీఏ అనే పాలిమర్‌నీ ఒక సేంద్రియ ద్రావణిలో కలుపుతారు. ఆ మిశ్రమాన్ని నీళ్ళలో పోసి, యంత్రంతో భయంకరమైన వేగంతో చిలుకుతారు. ద్రావణి కంటికి కనబడనంత చిన్న బొట్లుగా చీలిపోతుంది. బొట్లు మళ్ళీ ఒకదానికొకటి అతుక్కోకుండా ముందే నీళ్ళలో ఒక స్థిరకారి వేసి ఉంచుతారు. ఇక ద్రావణిని ఆవిరి కానిస్తే ప్రతి బొట్టూ ఒక గట్టి గుళికగా మిగులుతుంది, లోపల కర్‌క్యుమిన్‌తో. వేసిన కర్‌క్యుమిన్‌లో నూటికి 77 పాళ్ళ దాకా గుళికల్లో చిక్కింది. గుళికలో ఉన్నంతసేపూ దానికి క్షారం తగలదు, కాలేయం చెయ్యి పడదు, కొంచెం కొంచెంగా బయటికి ఊరుతూ ఉంటుంది.

ఫలితం: పైపెరిన్‌తో కలిపి ఇచ్చిన కర్‌క్యుమిన్ కంటే కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువ రక్తంలోకి చేరింది.

ఇక్కడే ఒక సంగతి చెవిన వేసుకోవాలి. ఆ తొమ్మిది రెట్లు ఎలుకల్లో. బెంగళూరు ఇరవై రెట్లు మనుషుల్లో. బెంగళూరు వాళ్ళే అదే పరిశోధనలో ఎలుకలకీ పైపెరిన్ ఇచ్చి చూస్తే పెరుగుదల ఒకటిన్నర రెట్లకి అటూ ఇటూగా మాత్రమే కనబడింది. కాబట్టి ఇరవైని తొమ్మిదితో హెచ్చవేసి "నూట ఎనభై రెట్లు శక్తిమంతమైన నానో పసుపు" అంటూ ఎవరైనా డబ్బా మీద అచ్చు వేస్తే, ఆ లెక్క ఎక్కాల పుస్తకంలో ఒప్పవుతుంది గానీ ఒంట్లో కాదు. ఎలుక పేగు వేరు, మనిషి పేగు వేరు.

*

పీఎల్‌జీఏ అంటే ప్లాస్టిక్ కదా, ఒంట్లోకి పోతే ఎలా అని సందేహం రావాలి, వస్తే మంచిదే. దాన్ని కట్టే ఇటుకలు రెండు. ఒకటి లాక్టిక్ ఆమ్లం: పెరుగుకి పులుపునిచ్చేది. రెండోది గ్లైకాలిక్ ఆమ్లం: చెరకు రసంలో ఉండేది. నీళ్ళు తగిలేకొద్దీ ఈ ఇటుకల మధ్య అతుకులు ఊడిపోతాయి. ఊడిన ఇటుకల్ని మన కణాలే వాడేసుకుని చివరికి కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు మిగులుస్తాయి. విస్తరాకు అన్నం మోసి, పనయ్యాక పెంటలో కలిసి ఎరువైనట్టు. ఏ ఇటుక ఎంత పాలు వేశారన్న దాన్ని బట్టి వారాల్లో కరిగేదీ చేయొచ్చు, నెలలు పట్టేదీ చేయొచ్చు.

ఈ పదార్థం మీ ఊరికి కొత్తది కూడా కాదు. కాన్పు ఆపరేషన్ తరవాత "కుట్లు విప్పక్కర్లేదమ్మా, అవే కరిగిపోతాయి" అని నర్సు చెప్పే దారం చాలావరకు ఈ కుటుంబానిదే. గ్లైకాలిక్ ఆమ్లపు దారం 1970లోనూ, రెండు ఆమ్లాలూ కలిసిన దారం 1974లోనూ బజారుకి వచ్చాయి. 1989లో ప్రొస్టేట్ క్యాన్సర్‌కి నెలకొకసారి చేసే ఇంజెక్షన్‌లో మందుని ఈ పాలిమర్ గుళికల్లో పెట్టి అమ్మడానికి అమెరికాలో అనుమతి దొరికింది. కొత్తదల్లా మొక్కల మందుని ఇందులో పెట్టడం.

*

నేలవేము తెలియనివాళ్ళుండరు. నోట్లో పెట్టుకుంటే చేదు సాయంత్రం దాకా వదలదు. జ్వరానికి కషాయం కాచుకునే మొక్క. ఆ చేదంతా ఆండ్రోగ్రాఫొలైడ్ అనే పదార్థానిది. కర్‌క్యుమిన్‌కున్న రోగమే దీనికీ: నీళ్ళలో సరిగా కరగదు.

2010లో కోల్‌కతా పరిశోధకులు దీన్ని పీఎల్‌జీఏ రేణువుల్లో పెట్టి కాలా అజార్ అనే జబ్బు మీద ప్రయోగించారు. ఈ ప్రయోగంలో ఉన్న చమత్కారం నాకు భలే నచ్చింది. కాలా అజార్ పరాన్నజీవి దాక్కునే చోటు మన రక్షక కణాల లోపలే. పరాయి రేణువు కనబడితే మింగేయడం ఆ కణాల పని. పరాన్నజీవినీ అలాగే మింగుతాయి. అది చావకుండా లోపలే కాపురం పెడుతుంది. మామూలుగా నానో మందు చేసేవాళ్ళకి ఈ రక్షక కణాలంటే చిరాకు, మందు గమ్యం చేరకముందే మింగేస్తాయని. ఇక్కడ మాత్రం మింగడమే కావాలి. దొంగ ఏ ఇంట్లో దూరాడో ఆ ఇంటివాళ్ళే మందుని చేత్తో పట్టుకుని లోపలికి తీసుకెళ్తారు. ప్రయోగశాల గిన్నెలో పెంచిన కణాల్లో పనిచేసింది. మనుషుల దాకా రావడం వేరే ప్రయాణం.

*

బిళ్ళగన్నేరు: పూలకుండీల్లో, సమాధుల దగ్గర, రోడ్డు పక్కన, నీళ్ళు లేకపోయినా పూసే మొక్క. పిల్లల రక్త క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ దీని ఆకుల నుంచి వచ్చిందే. కొవ్వు పొరతో చేసిన సూక్ష్మ బుడగల్లో విన్‌క్రిస్టిన్ నింపిన మందుకి 2012లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. అనుమతికి పెట్టిన షరతు ప్రకారం జరగాల్సిన పరీక్ష పూర్తికాక 2022లో వెనక్కి తీసుకున్నారు.

యూ చెట్టు బెరడులో దొరికిన ప్యాక్లిటాక్సెల్ కథ మెరుగ్గా నడిచింది. దాన్ని మన రక్తంలోనే ఉండే అల్బుమిన్ అనే ప్రొటీన్‌తో కలిపి 130 నానోమీటర్ల రేణువులుగా చేసిన మందు 2005 నుంచి రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఉంది. మొక్క మందు, ఒంట్లో కరిగే వాహకం, నానో సైజు, మూడూ కలిసి నిజంగా ఆసుపత్రి దాకా వచ్చిన సందర్భం కావాలంటే ఇదుగో. నానో పసుపు ఇంకా ఆ వరసలో లేదు. ఏ జబ్బుకీ కర్‌క్యుమిన్‌ని మందుగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించలేదు. అంతేకాదు, 2017లో కొందరు రసాయన శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పనంతా తిరగేసి, గట్టి నియమాలతో జరిగిన పరీక్షల్లో కర్‌క్యుమిన్ నెగ్గిన దాఖలా లేదని మొహమాటం లేకుండా రాశారు. వాళ్ళ ఇంకో ఫిర్యాదు ఏమిటంటే, కర్‌క్యుమిన్ పరీక్ష గొట్టంలో దొరికిన ప్రతి ప్రొటీన్‌కీ అంటుకుంటుంది, పైగా తన రంగుతో యంత్రాన్ని కూడా ఏమార్చి లేని ఫలితాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. చీరనే కాదు, పరిశోధన పత్రాల్ని కూడా మరక చేస్తుందన్నమాట.

*

మోసేది బాగుంటే సరిపోదు, శుభ్రంగా కూడా ఉండాలి.

2017లో కాలిఫోర్నియాలో ఒకామె ప్రకృతి వైద్యం పేరిట నరంలోకి కర్‌క్యుమిన్ ఎక్కించుకుని ప్రాణం పోగొట్టుకుంది. ఔషధ నియంత్రణ సంస్థ ఆ సీసా పరీక్షిస్తే లేబుల్ మీద రాసిన కర్‌క్యుమిన్‌లో ఉన్నది నూటికి రెండు మూడు పాళ్ళే. కర్‌క్యుమిన్‌ని నీళ్ళలో కలిపి ఉంచడానికి ఆముదం నుంచి చేసే ఒక ద్రావణి వాడారు. అది మందుల తయారీకి పనికొచ్చే శుద్ధి గలది కాదు, అందులో డైఇథైలీన్ గ్లైకాల్ అనే విషపు కల్తీ కూడా కనబడింది. అలాంటి ద్రావణులకి ఒళ్ళు తిరగబడే ప్రమాదం ఉందని ఆ సంస్థ హెచ్చరించింది. అనుమానం పసుపు మీదకి కాదు, పసుపుని మోసినదాని మీదకి పోయింది.

రెండో సంగతి దీనికంటే మనకి దగ్గరిది. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసుల్ని నమోదు చేసే ఒక పరిశోధన బృందం ఉంది. 2011 నుంచి 2022 మధ్య పసుపు మాత్రల వల్ల కాలేయం పాడైనవారు పదిమంది వాళ్ళ లెక్కకి వచ్చారు. అయిదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. పదిమందిలో ఏడుగురికి ఒకే రకం రోగనిరోధక జన్యువు ఉంది. పరీక్షించిన మాత్రల్లో కొన్నింటిలో పైపెరిన్ కూడా కనబడింది. కూరలో పసుపు తిని ఇలా అయినవాళ్ళు కాదు వీళ్ళు. చెంచా పసుపు కూరలో పడితే ఒంట్లోకి చేరేది దాదాపు సున్నా కాబట్టే అది తరతరాలుగా నిరపాయంగా ఉంది. ఆ సున్నాని ఇన్ని రెట్లు, అన్ని రెట్లు చేశాక అది వంటింటి వస్తువు కాదు, మందు. మందుకి మోతాదు ఉంటుంది, పడనివాళ్ళుంటారు, వేరే మందులతో పొసగకపోవడం ఉంటుంది. "మొక్కదే కదా, ఏం చేస్తుంది" అనేవాళ్ళకి గన్నేరు పప్పు కూడా మొక్కదేనని గుర్తుచేయాలి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు, కామెర్లు వచ్చి తగ్గినవాళ్ళు పసుపు మాత్రల జోలికి పోయేముందు డాక్టరుకి చెప్పి తీరాలి.

*

ఇక బంక దగ్గరికి వద్దాం. పుల్లలచెరువు, ఎర్రగొండపాలెం దాటి నల్లమల ఎక్కితే రాతి గుట్టల మీద రెండు చెట్లు కనబడతాయి. ఒకటి తపసి. బెరడు తెల్లగా, కాగితం పొరల్లా లేస్తూ ఉంటుంది, వేసవిలో ఆకు ఉండదు. రెండోది కొండగోగు. ఆకంతా రాలాక మోడు కొమ్మల చివర పచ్చటి పెద్ద పూలు పూస్తుంది. రెండింటికీ గాటు పెడితే బంక కారుతుంది. చెంచులు ఏరుకొచ్చేది, గిరిజన సహకార సంస్థ కొనేది, తేనె, చిల్లగింజలు, కుంకుడుకాయలతో పాటు ఈ బంకలు కూడా. తపసి బంకకి బయటి ప్రపంచంలో పేరు కరాయ. ఐస్‌క్రీమ్‌లో, కట్టుడు పళ్ళు అతికే పొడిలో, పేగు ఆపరేషన్ అయినవాళ్ళకి పొట్ట మీద సంచి అతికించే పట్టీలో వాడతారు. ఆహార పదార్థాల సంకేతాల్లో దాని అంకె 416. ప్యాకెట్ వెనక ఆ అంకె ఉందేమో ఈసారి చూడండి.

తపసి బంక ముక్కని ముక్కు దగ్గర పెట్టుకుంటే వెనిగర్ వాసన సన్నగా తగులుతుంది. అణువులో ఉన్న ఎసిటిక్ భాగం గాలి తేమకి ఊడి వస్తుంది, ఆ వాసన దానిదే. నీళ్ళలో వేస్తే కరగదు, ఉబ్బుతుంది. చిటికెడు పొడి ఎన్నో రెట్లు పొంగుతుంది.

కొండగోగు బంకకి కరాయ అంత పేరు లేదు. దాన్ని లోకానికి పరిచయం చేసినవాళ్ళు హైదరాబాదు వాళ్ళే. ఉస్మానియా విశ్వవిద్యాలయం జీవరసాయన శాస్త్ర విభాగంలో ఆర్.బి. శశిధర్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఈ బంకని ఏళ్ళ తరబడి పరిశీలించారు. తింటే ప్రమాదమా అని ఎలుకలకి తొంభై రోజులు పెట్టి చూసి 2000లో ప్రచురించారు. 2010లో హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాలలో కోర అరుణజ్యోతి, శశిధర్, అరుణాచలం కలిసి ఈ బంకతో వెండి నానో రేణువులు చేశారు. పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. పల్చటి బంక నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ కలిపి, ఆసుపత్రుల్లో సూదులూ కత్తెరలూ శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో పెట్టారు. వేరే రసాయనం లేదు. బంకే వెండిని రేణువులుగా మార్చింది, ఆ రేణువులు గుంపు కట్టకుండా చుట్టూ పట్టుకుని నిలబెట్టింది కూడా బంకే. ఆ రేణువులు బ్యాక్టీరియాని చంపాయి. వెండి ఒంట్లో కరిగిపోదు, కాబట్టి దీన్ని మన అసలు కథకి దగ్గరి చుట్టం అనుకోవాలి. ఇక్కడ తెలిసిందేమిటంటే నానో సైజులో వస్తువుని పట్టుకుని ఉంచే నేర్పు ఆ బంకకి ఉంది.

కరాయ వంతు 2013లో వచ్చింది. ఎక్కడో చెక్ రిపబ్లిక్‌లో, లిబెరెట్స్ అనే ఊళ్ళోని విశ్వవిద్యాలయంలో దానితో రాగి ఆక్సైడ్ నానో రేణువులు చేశారు. చేసినవారిలో ఒకరు అంతకుముందు హైదరాబాదులో కొండగోగు మీద పనిచేసి వెళ్ళినవారే.

*

పుల్లలచెరువున్న పాత ప్రకాశం జిల్లాకి తూర్పున సముద్రం, పడమర నల్లమల. సముద్రం వైపు రొయ్యల చెరువులు. రొయ్య పెంకుల్ని ఆమ్లంలో వేసి సున్నపు పదార్థం తీసేసి, గాఢ క్షారంలో ఉడికిస్తే కైటోసాన్ వస్తుంది. ఇదీ ఒంట్లో కరిగే పదార్థమే. దీనికి ధన విద్యుదావేశం. అందువల్ల పేగు లోపలి జిగురుకి అంటుకుని ఉండిపోతుంది, మందు లోపలికి ఇంకడానికి సమయం దొరుకుతుంది. ముందు చెప్పుకున్న రవికుమార్ పేరు ప్రపంచానికి తెలిసింది కూడా కైటోసాన్ ఉపయోగాల మీద 2000లో రాసిన ఒక సమీక్షతోనే.

కొండగోగు బంకకి ఉన్నది రుణావేశం. రెండు ద్రావణాలూ కలిపితే వ్యతిరేక ఆవేశాలు పట్టుకుని ఒక ముద్దగా కట్టేస్తాయి. మధ్యలో మందు ఉంటే అదీ చిక్కుతుంది. హైదరాబాదు, ఢిల్లీ పరిశోధకులు 2009లో సరిగ్గా ఇదే జంటని, అంటే కొండగోగు బంకనీ కైటోసాన్‌నీ కలిపి, నొప్పుల మాత్ర డైక్లోఫెనాక్‌ని మోయించి చూశారు. వాళ్ళు మోయించింది కంపెనీ మందు. అదే ముద్దలో కంభం, గిద్దలూరు వైపు పండే పసుపు సారమో, నల్లమల నేలవేము సారమో ఎక్కించి చూడటానికి రసాయన శాస్త్రం అడ్డు చెప్పదు.

*

మరి అడ్డేమిటి?

పేటెంటు కాదు. గాయాలకి పసుపు వాడటం మీద 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయానికి అమెరికా ఇచ్చిన పేటెంటుని మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ కొట్టేయించింది 1997లో. ఈ కథ అందరికీ తెలిసిందే. తరవాత జరిగింది మాత్రం తక్కువమంది గమనించారు. పసుపు గుణం మీద హక్కు దొరకదని తేలాక పోటీ అంతా పసుపుని మోసే పద్ధతి మీదకి మళ్ళింది. బజారులో "మా కర్‌క్యుమిన్ ఎక్కువ ఇంకుతుంది" అని చెప్పుకునే ప్రతి కంపెనీ అమ్ముకుంటున్నది ఆ పద్ధతినే.

అసలు అడ్డు చెట్టు దగ్గరే ఉంది. పీఎల్‌జీఏ ఫ్యాక్టరీలో తయారవుతుంది, ఏ బ్యాచ్ చూసినా ఒకేలా ఉంటుంది. మందుల కంపెనీకి కావలసింది అది. బంక అలా ఉండదు. చెట్టుని బట్టి, కాలాన్ని బట్టి, నిలవని బట్టి మారుతుంది. తపసి బంక నిలవుంటే చిక్కదనం తగ్గిపోతుంది. లోతుగా గొడ్డలి వేటు వేస్తే బెరడు పేళ్ళు, ఇసుక కలుస్తాయి, పైగా కొన్నేళ్ళకి చెట్టే ఎండిపోతుంది. అందుకే గిరిజన సహకార సంస్థ, విశాఖపట్నం కేంద్రంగా బంక సేకరించేవాళ్ళ కోసం ఏర్పడ్డ కోవెల్ ఫౌండేషన్, పైపైన చిన్న గాటు పెట్టి, కారినదాన్ని నేలకి తగలకుండా తీసే పద్ధతి నేర్పిస్తూ వచ్చాయి. తెల్లగా, పేడు లేకుండా ఉంటే మొదటి రకం. రంగు దిగితే రెండోది. మట్టి, బెరడు అంటితే మూడోది. హైదరాబాదు ప్రయోగాలకి బంక వెళ్ళింది గిరిజన సహకార సంస్థ నుంచే. ప్రయోగశాలలో మొదటి పని ఆ బంకని నీళ్ళలో నానబెట్టి, వడకట్టి, పేళ్ళూ ఇసుకా తీసేసి, మళ్ళీ పొడి చేయడం.

ఇప్పటికైతే తూకం కాటా దగ్గర అడిగేది రెండే: రంగేమిటి, ఎన్ని కిలోలు? ఏ గుట్ట మీది చెట్టు, ఏ నెలలో గాటు పెట్టారు, కారి ఎన్నాళ్ళయింది అన్నవి మందుల తయారీకి కావలసిన ప్రశ్నలు. జవాబులు చెంచు కుటుంబాలకి తెలుసు. రాసుకునే గడి రసీదులో ఉండాలి, ఆ గడి నింపినందుకు కిలో మీద అదనపు రేటు పడాలి.